కింద చప్పట్లు నావే, పైన చెవులూ నావే

ఆ రోజుల్లో మా సాతంరాయి మీదుగా విమానాలు ఎంత కిందుగా పోయేవంటే, దాబా మీద ఆరేసిన చీరలు రెక్కకు తగులుకుని బెంగుళూరు వెళ్ళిపోతాయని మా అవ్వ ఒక్కో కొంగు మీద రెండేసి ఇటుకలు పెట్టేది. (ఒక చీర నిజంగానే పోయింది. దాన్ని పక్కింటి మేక తిన్నదని సాక్ష్యాలతో సహా తేలినా, అవ్వ చివరిదాకా విమానాన్నే అనుమానించింది.) శంషాబాదులో ఎయిర్‌పోర్టు కొత్తగా తెరిచారు. నిన్నటిదాకా జొన్నచేను ఉన్నచోట పొద్దున లేచేసరికి అద్దాల హోటలు ఉండేది. ఊళ్లో ఎవరిని కదిలించినా నౌకరీ మాటే. నాకప్పుడు ఇరవై మూడేళ్ళు. డ్రైవింగు లైసెన్సు, కొబ్బరినూనె కారే క్రాపు, ఏది అడిగినా 'వస్తది' అనే నోరు నా అర్హతలు. ఈ ఇన్నేళ్ళలో క్రాపు నన్ను విడిచిపెట్టి పోయింది గానీ, నోరు మాత్రం నమ్మకంగా అంటిపెట్టుకునే ఉంది.

ఆ నోరే నన్ను హైవే పక్కన కొత్తగా కట్టిన ఒక హోటల్లో ఇంటర్వ్యూ దాకా తీసుకెళ్ళింది. ఒక విమానం దిగి ఇంకో విమానం ఎక్కేలోగా ఏడెనిమిది గంటలు ఖాళీ దొరికే ప్రయాణికులుంటారు కదా, వాళ్లను కారులో ఎక్కించుకుని హైదరాబాదంతా చూపించి, చరిత్ర చెప్పి, వేళకు తెచ్చి దింపాలి. అదీ ఉద్యోగం. మేనేజరు గారిది విశాఖపట్నం. మాటకు ముందొక 'అండీ', వెనకొక 'అండీ' కాపలా పెట్టి మాట్లాడే మనిషి.

"చూడండీ, మీరు లోకల్ కదా, చార్మినారు, గోల్కొండ అవీ మీకు బాగా తెలుసాండీ?"

"చార్మినార్ అంటే మా వాకిలి సార్. గోల్కొండల గోలీలాడుకుంట పెరిగిన."

నిజం చెప్పాలంటే, అప్పటికి నేను చార్మినారును క్యాలెండరు మీదా, ఆటోల వెనకాలా తప్ప ఎక్కడా చూడలేదు. దగ్గరున్నవాళ్లకు పట్టుకునే జబ్బు ఇది. ఎక్కడో ఢిల్లీ నుంచి వచ్చినవాడు రైలు దిగీదిగగానే చార్మినారు ముందు నిలబడి ఫోటో తీయించుకుంటాడు. బస్సెక్కితే గంటలో చేరే మేమేమో 'అదెక్కడికి పోతది, ఎప్పుడన్న సూడొచ్చు' అనుకుంటూ మూడు తరాలు గడిపేశాం. బాపు విత్తనాల కోసం రాజేంద్రనగరు వ్యవసాయ యూనివర్సిటీకి వెళ్ళేవాడు. మా వంశంలో అంతకు మించి ఉత్తరానికి పోయినవాడు లేడు. బాలాపూరు గణపతి లడ్డూ వేలంపాటకు మాత్రం నేను ఏటేటా వెళ్ళి, జనం భుజాల సందుల్లోంచి లడ్డూ ఉన్న పళ్ళెం అంచు చూసి, జన్మ ధన్యమైందని తిరిగొచ్చేవాణ్ణి. ఏడో తరగతిలో బడివాళ్లు అందర్నీ చార్మినారుకు తీసుకెళ్ళిన రోజున నాకు గవదబిళ్ళలు. రెండు చెంపలూ ఉబ్బి, గోల్కొండ బురుజుల్లా ఉన్నాయని మా సారు అన్నారు. గోల్కొండతో నా పరిచయం అంతటితో సరి.

మేనేజరు గారు పొంగిపోయారు. "సరేనండీ! సోమవారం పొద్దున్న మా అత్తగారు విశాఖ నుంచి దిగుతున్నారు. సాయంత్రం బెంగుళూరు విమానం. మధ్యలో ఊరు చూపించండి. ఆవిడ మెచ్చుకుంటే మీ ఉద్యోగం ఖాయం." గొంతు తగ్గించి ఇంకో ముక్క చేర్చారు. "ఆవిడ ఇంతవరకూ దేన్నీ మెచ్చుకోలేదనుకోండి. పెళ్ళై తొమ్మిదేళ్ళయినా నన్నే ఇంకా పరిశీలనలో ఉంచారు."

ఇంటికి వచ్చి చెబితే బాపు బీడీ ఆర్పి, తీర్పు చెప్పాడు. "మంచిదే. సోమారం నౌకరి ఖాయమైతే సరే. కాకుంటే మంగళారం కెల్లి మీ మామ కోళ్లఫారంల గుడ్లేరుడే. ఇగ నీ ముచ్చట్లు ఇన." మా మేనమామ కోళ్లఫారంలో అయిదు వేల కోళ్ళు. అవన్నీ ఒక్కసారిగా నా వైపు తిరిగి చూస్తున్నట్టు ఆ రాత్రి కల వచ్చింది. మెలకువ వచ్చాక నిశ్చయించుకున్నాను. ఆదివారం ఒక్కరోజు ఉంది. చెప్పాపెట్టకుండా ఒంటరిగా వెళ్ళి ఊరంతా చూసేసి, చరిత్రంతా నేర్చేసుకుని, చీకటి పడేలోగా చిన్ననాటి నుంచీ తెలిసినవాడినై తిరిగి రావాలి.

చెప్పాపెట్టకుండా అన్నానా? మా వాడకట్టులో అది కుదిరే పని కాదు. పట్నం పోయేవాడి చేతులు ఖాళీగా ఉంటే ఊరికే అరిష్టమని మావాళ్ల నమ్మకం. ఎవడు బస్సు వైపు నడిచినా వాడి భుజానికి పదిమంది పనులు తగిలిస్తారు. నేను గుమ్మం దాటానో లేదో అవ్వ వాకిట్లో నిలబడి మైకు లేకుండానే ప్రకటించింది. "మా పోరడు పట్నం పోతున్నడొ! ఎవలికన్న ఏమన్న గావాల్నా?"

ముందు మా వదిన పరుగెత్తుకొచ్చింది. ఒక చేతిలో మిక్సీ జారు, ఇంకో చేతిలో పాత గాజు. "మరిదీ, గీ జారు బ్లేడు తిరుగుతలేదు, చేపియ్యి. గీ కొలతకు డజను పచ్చ గాజులు తే, చార్మినార్ కాడయే తేవాలె." ఆ తరువాత ఎదురింటి ఎద్దుల కాక వచ్చాడు. (ఆయనకు భార్య మీదకన్నా ఎద్దుల మీద ప్రేమ ఎక్కువ. ఆ సంగతి ఆయన భార్యకూ తెలుసు, ఎద్దులకూ తెలుసు.) "తమ్మీ, మా ఎర్రెద్దు మెడకు జర గట్టి గంట తే. మోగిందంటే శంషాబాద్ దాక ఇనపడాలె." ఇలా రహస్య యాత్రకు బయలుదేరిన నేను, ఊరి ప్రతినిధినై మిక్సీ జారుతో సహా బస్సెక్కాను.

చార్మినారు ముందు దిగి తలెత్తి చూసి, ఒక్క నిమిషం నోరు మూసుకున్నాను. నా జీవితంలో అదొక రికార్డు. క్యాలెండరులో జానెడున్న వస్తువు ఆకాశంలోకి అంతెత్తున లేచి నిలబడితే ఎవడికైనా అంతే. పైదాకా ఎక్కాను. లోపలి మెట్లు ఎంత ఇరుకంటే, నేనూ మిక్సీ జారూ ఒకరి తరువాత ఒకరం ఎక్కాల్సి వచ్చింది. కిందికి దిగి, పక్కనే ఉన్న గాజుల బజారులో సంచి విప్పితే వదిన ఇచ్చిన కొలత గాజు మూడు ముక్కలై ఉంది. బస్సులో జారు దాని మీద కూర్చుంది.

"కొలత లేకపోతే ఎట్ల భాయ్? సైజు ఏంది?" అన్నాడు గాజుల భాయ్.

నేను ఆలోచించాను. చిన్నప్పటి నుంచీ మా వదిన చేతి దెబ్బలు తిన్న వీపు నాది. ఆ లెక్కన ఆమె చెయ్యి నా చేతికన్నా పెద్దదే అయుండాలి. "నా చేతికి ఎక్కితే చాలన్నా, ఆమెకు ఎక్కినట్టే" అని చెయ్యి చాపాను. ఆయన దానికి సబ్బునీళ్లు రాసి, వేళ్లు ముడిచి, ఒక పచ్చ గాజును మణికట్టు దాకా తోసేశాడు. తోసిన గాజు మళ్ళీ వెనక్కి రాలేదు. సబ్బుతో లాగాడు, నూనెతో లాగాడు, చివరికి కాలు గోడకు తన్నిపెట్టి మరీ లాగాడు. గాజు కదల్లేదు, నేను మాత్రం కొట్టులోంచి సగం బయటికి వచ్చాను.

"పలగ్గొడదామా?"

"వద్దన్నా! మా వదిన కోసం కొన్న కొత్త గాజు. నా చేతుల పగిలిందని తెలిస్తే మా అవ్వ నన్ను ఇంట్లకు రానియ్యది."

"ఏం గాదు. బాగనే కనిపిస్తుంది నీకు" అని ఓదార్చి, మిగతా పదకొండూ కాగితంలో చుట్టి ఇచ్చాడు. అలా పన్నెండో గాజు నా ఒంటి మీదే ప్రయాణం చేసింది.

ఆదివారం కాబట్టి మిక్సీలు బాగుచేసే కొట్లన్నీ మూసి ఉన్నాయి. గంట మాత్రం దొరికింది, ఇత్తడిది, కొబ్బరికాయంత. అక్కడి నుంచి మూసీ ఒడ్డున ఉన్న పెద్ద మ్యూజియానికి వెళ్ళాను. అక్కడొక పాత గడియారం ఉంది. గంట గంటకూ అందులోంచి బుల్లి బొమ్మ మనిషి బయటికొచ్చి సుత్తితో గంట కొట్టి లోపలికి పోతాడు. ఆ ఒక్క క్షణం చూడడానికి జనం పెళ్ళివాళ్లలా వరసలుగా కూర్చుని ఎదురుచూస్తున్నారు. సంచి బయటే పెట్టించుకున్నారు గానీ, ఎద్దు గంట ఎవరైనా కొట్టేస్తారేమోనని దాన్ని చొక్కాలో దాచుకుని లోపలికి వెళ్ళాను. ఇంకా పావుగంట ఉందనగా ముందు వరసలో చోటు కనిపించింది. వంగి కూర్చోబోయాను. ఎద్దుల కాక కోరినంత గట్టిగా గంట మోగింది.

అంతే! నాలుగొందల మంది (సరే, నలభై మంది) ఒక్కసారిగా లేచారు. పిల్లల్ని భుజాలకెత్తారు. కెమెరాలు తీశారు. బొమ్మ మనిషి రాలేదు. వాడికింకా డ్యూటీ టైము కాలేదు. నేను భయపడి లేచేసరికి మళ్ళీ మోగింది. అప్పుడు గార్డు మెల్లగా నా దగ్గరికొచ్చి, ఉబ్బెత్తుగా ఉన్న నా పొట్టనూ, పచ్చ గాజునూ మార్చి మార్చి చూశాడు.

"ఏందన్నా లోపల?"

"ఎద్దు గంట."

"ఎద్దేది?"

ఆ ప్రశ్నకు నాకు అద్దంలో తప్ప జవాబు కనిపించలేదు. ఆయన నవ్వాపుకోలేక, నన్ను చెయ్యిపట్టి ద్వారం దాకా సాగనంపాడు.

రెండు బస్సులు మారి గోల్కొండ చేరేసరికి మూడు దాటింది. అక్కడి విశేషం అందరికీ తెలిసిందే. కింద పెద్ద కమాను నడుమ నిలబడి చప్పట్లు కొడితే, అంతెత్తున కొండకొమ్మున ఉన్న మండపంలో వినిపిస్తుంది. రేపు అత్తగారికి చెప్పాల్సిన ముఖ్యమైన ముక్క ఇదే కదా, చెప్పేవాడు ఒక్కసారైనా విని ఉండాలి కదా! కమాను కింద నిలబడి బలంగా చప్పట్లు కొట్టాను. అప్పుడు తట్టింది, వినడానికి పైన ఎవరూ లేరని. ఒంటరిగా వచ్చానయ్యె. పైకి పోయి ఇంకెవరి చప్పట్లయినా వినొచ్చు కదా అని మీరనవచ్చు. ఆదివారం జనం, కింద వందమంది ఒకేసారి ఫటఫటలాడిస్తుంటే పైకి వడగళ్ళ వాన చప్పుడే వస్తుందట. అందులో ఏది ఏదో ఎలా తెలుస్తుంది? సరిగ్గా అప్పుడే నా మణికట్టు మీది పచ్చ గాజు సంచిలోని జారుకు తగిలి టింగుమంది, నా బుర్రలో దీపం వెలిగింది. వెయ్యి చప్పట్లలోనైనా గాజు మోగే చప్పట్లు నావే కదా! గుర్తుపట్టడం ఎంతసేపు? కొట్టి, అవి పైకి చేరేలోగా నేను పరుగెత్తి అందుకుంటే సరి.

(శబ్దం ఎంత వేగంగా పోతుందో బళ్ళో చెప్పారట. ఆ రోజున కూడా నాకు గవదబిళ్ళలే.)

చప్పట్లు కొట్టి, జారు సంచి చంకన పెట్టుకుని పరుగు లంకించుకున్నాను. మెట్లు మూడొందల అరవై అంటారు, నా లెక్కకు పదకొండు వేలు. పైకి చేరి, స్తంభాన్ని కావలించుకుని, నా ఎగశ్వాస కొంచెం తగ్గాక చెవి పెట్టాను. వడగళ్ళ వాన వినిపించింది, గాజు వినిపించలేదు. ఆలస్యమైందనుకుని దిగాను. రెండోసారి చొక్కా గుండీలు విప్పుకుని పరుగెత్తాను. మూడోసారి చెప్పులు విడిచి పరుగెత్తాను. ఎద్దు గంట నేను ఎక్కినంతసేపూ మోగుతూనే ఉంది, మెట్ల మీదున్న జనం వెనక నుంచి ఎద్దు వస్తోందనుకుని గోడలకు అతుక్కుని దారి ఇచ్చారు. నాలుగోసారి దిగి వచ్చి, కమాను పక్కన కూలబడితే, అక్కడ నిమ్మకాయ సోడా అమ్మే అక్క సోడా కొట్టి చేతికిచ్చింది.

"ఏమాయె తమ్మీ, ఎవలన్న తరుముతున్నరా?"

అంతా చెప్పేశాను. ఉద్యోగం, అత్తగారు, కోళ్లు, అన్నీ. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. "నువ్వే కొట్టి, నువ్వే ఇంటవా? నాకు ఈడ పదేండ్లాయె కూసోబట్టి, గిసుంటోన్ని సూడలె!"

"నువ్వు కొడ్తవా అక్కా, నేను పైకి పోయి ఇంట?"

"నేను కొడితే సోడాలెవలు కొడ్తరు?"

ఐదోసారి పరుగెత్తే ఓపిక లేక, వినకుండానే ఇంటికి చేరాను. అవ్వ నా చెయ్యి చూసి, నువ్వుల నూనె రాసి, ఏదో మంత్రం వేసినట్టు రెండు క్షణాల్లో గాజు తీసేసింది. వదినకు పన్నెండూ వదులయ్యాయి. ఆమె దెబ్బ పెద్దదే గానీ చెయ్యి చిన్నదని ఆ రోజే తెలిసింది. మిక్సీ జారు మాత్రం నగర దర్శనం చేసుకుని యథాతథంగా తిరిగొచ్చింది.

సోమవారం పొద్దున అత్తగారు దిగారు. జరీ అంచు చీర, చేతిలో గొడుగు, దేన్ని చూసినా 'ఇంతేనా?' అని అడిగే కళ్ళజోడు. మేనేజరు గారు ముందు సీట్లో చేతులు కట్టుకుని కూర్చున్నారు. చార్మినారు ముందు కారు ఆపానో లేదో, గాజుల బజారులోంచి ఒక కేక. "అరే భాయ్! సలాం! రాత్రి నిద్ర పట్టిందా?"

అత్తగారు కళ్ళజోడు సవరించుకున్నారు. "నువ్వు ఇతనికి తెలుసా బాబూ?"

"చిన్నప్పటి దోస్తీ అమ్మా" అన్నాను. ఆ కొట్టులోనే ఆవిడ రెండు డజన్ల గాజులు వేయించుకున్నారు. భాయ్ నన్ను చూసి నవ్వుతూ తగ్గించి ఇచ్చాడు. మ్యూజియంలోకి అడుగు పెడుతుంటే గార్డు ఎదురొచ్చి, "అన్నా, మళ్ళొచ్చినవా! ఇయ్యాల జర నిమ్మళంగ కూసో" అని మమ్మల్ని గడియారం ముందు మొదటి వరసలో కూర్చోబెట్టాడు. ఆవిడ అల్లుడి వైపు తిరిగి, "ఊరంతా ఇతన్ని ఎరుగున్నదే!" అన్నారు. మెచ్చుకోలులాంటి శబ్దం ఆ నోట రావడం వినగానే మేనేజరు గారి కళ్ళు చెమర్చాయి. నా ఛాతీ ఎద్దు గంట అవసరం లేకుండానే ఉబ్బింది. కోళ్లు ఒక్కొక్కటే నా కలలోంచి సెలవు తీసుకుంటున్నాయి.

గోల్కొండ దగ్గర అవన్నీ తిరిగొచ్చాయి. సోమవారం కాబట్టి కమాను కింద జనం పలచగా ఉన్నారు. నేను గొంతు సవరించుకుని, "అమ్మా, నేను గోలీలాడుకున్నది ఈడనే..." అంటుండగా సోడా అక్క చప్పట్లు చరిచింది.

"వచ్చిండా మా చప్పట్ల తమ్ముడు! ఏందమ్మా, నీకోసమేనా గీ పోరడు నిన్న సచ్చేటట్టు ఉరికింది? పుట్టినకాడికెల్లి గోల్కొండ సూడలేదట! ఈడ చప్పట్లు కొట్టుడు, పైకి ఉరుకుడు, నాలుగుసార్లు! చేతికి గాజు, చంకల మిక్సీ గిన్నె, అంగిల ఎద్దు గంట!"

మేనేజరు గారు నా వైపు చూసిన చూపులో ఒక్క 'అండీ' కూడా లేదు. అత్తగారు గొడుగు మడిచారు. "నిన్నే మొదటిసారా బాబూ?"

నా నోరు జీవితంలో రెండోసారి మూసుకుపోయింది. తల మాత్రం ఊపాను. ఆ తరువాత నోరు తెరుచుకుని, గాజు దగ్గర మొదలుపెట్టి గంట దాకా, ఎద్దేది అని గార్డు అడిగిన ప్రశ్నతో సహా మొత్తం ఒప్పుకుంది. చెబుతున్నంతసేపూ ఆవిడ ముఖం రాయిలా ఉంది. గుడ్లేరడానికి బుట్ట ఎంత పెద్దది పట్టుకెళ్ళాలా అని నేను ఆలోచిస్తున్నాను.

"అంతా బానే ఉంది" అన్నారు చివరికి. "ఇంతకీ వినపడిందా?"

"లేదమ్మా."

"నాలుగుసార్లు ఎక్కినా?"

"లేదమ్మా."

"అయితే ఎక్కు. నాకెలాగూ మోకాళ్ళు రావు. నేనిక్కడ కొడతాను. పైకి చేరాక నీ భుజం మీది తువ్వాలు ఊపు. వినపడిందో లేదో నిజం చెప్పాలి. ఈసారైనా."

ఎక్కాను. పరుగెత్తలేదు. మనిషిలా, మెట్టు మెట్టూ చూసుకుంటూ ఎక్కాను. మండపం అంచున నిలబడి తువ్వాలు ఊపాను. కింద కమాను నీడలో జరీ అంచు చీమంత మెరిసింది. గాలి ఆగింది. అప్పుడు వినిపించింది. ఎవరో నా చెవి పక్కనే నిలబడి కొట్టినట్టు, రెండు చప్పట్లు, వాటి వెంటే రెండు డజన్ల కొత్త గాజుల గలగల. నేను ఒక్కడినే పైన గంతులు వేశాను. (ఎంత ఎత్తు ఎగిరానంటే, పైన పోతున్న విమానంలోని వాళ్లు నాకు చెయ్యి ఊపారు.) "ఇనొచ్చిందమ్మా!" అని నేను పెట్టిన కేక కిందికి వినిపించిందో లేదో గానీ, మా సాతంరాయికి మాత్రం వినిపించే ఉంటుంది.

దిగి వచ్చేసరికి సోడా అక్కా, అత్తగారూ ఒకే బల్ల మీద కూర్చుని సోడా తాగుతున్నారు. "అల్లుడూ, ఇతనికి చరిత్ర ఒక్క ముక్క రాదు" అన్నారావిడ. "పుస్తకం కొనిచ్చి చదివించండి. అయినా మనిషి మంచివాడు. వినిపించనిది వినిపించిందని చెప్పలేదు." ఆ తరువాత కారెక్కుతూ, ఎటో చూస్తూ, "నేను అరవై రెండేళ్ళుగా విశాఖలో ఉంటున్నాను. మా ఊరి లైట్‌హౌసు ఎక్కుదామని ఏటా అనుకుంటూనే ఉన్నాను" అన్నారు.

ఉద్యోగం ఖాయమైంది. ఇన్నేళ్ళలో నేను గోల్కొండ ఎన్నిసార్లు ఎక్కానో నా మోకాళ్ళకే తెలుసు. ఇప్పుడు చరిత్ర నాకు నిజంగానే వచ్చు. జనానికి నాలాంటి పరుగుల ఇబ్బందే లేదు, కింద ఒకరు, పైన ఒకరు ఫోన్లు పట్టుకుని 'వినబడిందా, వినబడిందా' అని ఫోన్లోనే అరుచుకుంటున్నారు. చప్పట్లతో పనే లేదు. అతిథులందరూ ఫోటోలు దిగి కిందికి కదిలాక, నేను మాత్రం కాసేపు మండపంలో వెనకబడతాను. ఆయాసం తీర్చుకోవడానికని చెబుతాను గానీ, అది సగం అబద్ధం. ఆ మెట్ల మలుపులో ఎక్కడో, చంకన మిక్సీ జారు, చొక్కాలో ఎద్దు గంట, చేతికి పచ్చ గాజు వేసుకున్న కుర్రాడొకడు తన చప్పట్లను తానే అందుకోవాలని ఇంకా పరుగెత్తుకొస్తున్నాడేమో అనిపిస్తుంది. వాడికి వినపడేటట్టు కిందికి వంగి, మెల్లగా అంటాను.

"నిమ్మళంగ రా తమ్మీ. నువ్వు కొట్టినయి నాకు ఇనొచ్చినయ్."